మాంసపు జాతి పశువుల ఎదుగుదలలో జన్యు వైవిధ్యం ఎంత? లెక్క తేల్చడం ఎలా

"డేటా ఉంది, సాఫ్ట్‌వేర్ ఉంది. రన్ చేస్తే పాలు మాన్పించే నాటి బరువుకు హెరిటబిలిటీ 0.68 వచ్చింది. థీసిస్‌లో రాసేయొచ్చా?"

ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంటుంది. అంకె ఒక్కటే మారుతుంది. ఒకరికి 0.68, ఇంకొకరికి 0.02, మరొకరికి 0.30 వస్తుంది కానీ దాని స్టాండర్డ్ ఎర్రర్, అంటే అంచనా ఎంత అటూ ఇటూ ఊగొచ్చో చెప్పే అంకె, 0.35 ఉంటుంది. ప్రతిసారీ విడివిడిగా జవాబు చెప్పే బదులు మొత్తం పని ఒకచోట రాస్తున్నాను. సిద్ధాంతం జోలికి పెద్దగా పోను. ఏ అంకె నమ్మొచ్చు, ఏది నమ్మకూడదు అనే దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను. ఎందుకంటే కంప్యూటర్ ఎప్పుడూ ఏదో ఒక అంకె ఇస్తుంది, మీరు చెత్త పోసినా సరే.

ముందు ఒక్క మాట. హెరిటబిలిటీ, అంటే అనువంశికత, అనేది ఒక నిష్పత్తి. దూడల బరువుల్లో కనిపించే మొత్తం తేడాలో ఎంత భాగం తల్లిదండ్రుల నుంచి పిల్లలకు దిగే జన్యువుల వల్ల వచ్చిందో అది చెబుతుంది. పైన ఉండేది జన్యు వేరియన్స్, కింద ఉండేది మొత్తం వేరియన్స్. వేరియన్స్ అంటే విలువలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే అంకె. అందుకే నిష్పత్తి ఒక్కటే చూసి మురిసిపోకండి, పై అంకెనూ కింది అంకెనూ విడివిడిగా చూడటం అలవాటు చేసుకోండి.

దగ్గర ఉండాల్సినవి

- దూడల పట్టిక: దూడ గుర్తింపు సంఖ్య, తండ్రి, తల్లి, పుట్టిన తేదీ, కోడె దూడో పెయ్య దూడో, మంద, మేత పద్ధతి, తూకం వేసిన ప్రతి తేదీ, ఆ రోజు బరువు. తల్లి పుట్టిన తేదీ గానీ, అది ఎన్నో ఈతో గానీ తప్పకుండా కావాలి.
- వంశావళి పట్టిక: పశువు, తండ్రి, తల్లి. బరువు తూచిన దూడల నుంచి కనీసం మూడు తరాలు వెనక్కి వెళ్తే మంచిది.
- సాఫ్ట్‌వేర్: బ్లప్‌ఎఫ్90, వాంబాట్, ఏఎస్‌రెమల్, డీఎంయూ, వీటిలో ఏదో ఒకటి. వాంబాట్ ఉచితం. ఆర్ అలవాటున్నవారికి అందులోనూ ప్యాకేజీలు ఉన్నాయి. ఏది మంచిదని అడగకండి, సరిగ్గా వాడితే అన్నిటి జవాబూ ఒకటే. మీ పక్కన కూర్చున్నవాళ్లకు ఏది వచ్చో అది వాడండి. ఇరుక్కున్నప్పుడు కాపాడేది వాళ్లే.
- తగినన్ని దూడలు. ఎన్ని అన్నది ఆరో మెట్టులో చెబుతాను. నిరుత్సాహపడటానికి సిద్ధంగా ఉండండి.

1. ఏ బరువో ముందే తేల్చుకోండి

మామూలుగా మూడు బరువులు చూస్తారు: పుట్టుక బరువు, పాలు మాన్పించే నాటి బరువు, ఏడాది బరువు. అమెరికాలో 1968లో ఏర్పడిన బీఫ్ ఇంప్రూవ్‌మెంట్ ఫెడరేషన్ పద్ధతిలో రెండోదాన్ని 205 రోజులకు, మూడోదాన్ని 365 రోజులకు సరిచేస్తారు. ఆస్ట్రేలియా పశు మూల్యాంకన పద్ధతి బ్రీడ్‌ప్లాన్‌లో 200, 400, 600 రోజుల బరువులు చూస్తారు. ఏదైనా ఫరవాలేదు గానీ, మధ్యలో మార్చకండి.

ఒక హెచ్చరిక. రోజుకు ఎంత పెరిగిందన్న లెక్కను కొత్త లక్షణంగా తీసుకుంటే రెండు తూకాల్లోని తప్పులూ అందులో కలిసిపోతాయి. రెండు తూకాల మధ్య గడువు తక్కువైతే, మీరు కొలిచేది ఎదుగుదలను కాదు, ఆ రోజు పశువు కడుపులో ఉన్న మేతనూ నీళ్లనూ.

2. డేటాను దులపండి

పనిలో సగం సమయం ఇక్కడే పోతుంది, పోవాలి కూడా.

ముందు గుర్తింపు సంఖ్యలు. ఎక్సెల్ మీ చెవి ట్యాగు 007ను 7 చేస్తుంది, 12-5ను తేదీగా మార్చేస్తుంది. ఆ గడులను ముందే టెక్స్ట్‌గా పెట్టండి. చాలా మందల్లో ట్యాగు నంబర్లు ప్రతి ఏడాదీ మళ్లీ ఒకటి నుంచి మొదలవుతాయి. కాబట్టి మంద, పుట్టిన ఏడాది, ట్యాగు, మూడూ కలిపి ఒకే సంఖ్య తయారు చేయండి.

నేను మొదటిసారి చేసిన లెక్కలో ఆబోతు 112, ఆవు 112, రెండూ ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ పాపం ఆ రెంటినీ ఒకే జీవి అనుకుంది. ఎర్రర్ ఏమీ రాలేదు, ఫలితం మాత్రం చక్కగా వచ్చింది. తప్పు పట్టుకోవడానికి రెండు వారాలు పట్టింది.

తర్వాత వెతకాల్సినవి:

- తల్లి కన్నా ముందు పుట్టిన దూడలు, తల్లికి ఏడాదిన్నర కూడా నిండకుండా పుట్టినట్టు రాసినవి.
- ఒకే ఆవుకు చాలా దగ్గర తేదీల్లో పుట్టిన రెండు దూడలు. ఆవు చూడి కాలం దాదాపు 283 రోజులు. కవలలు కానప్పుడు అంతకన్నా తక్కువ ఎడం ఉంటే ఎక్కడో తల్లి పేరు తప్పు పడింది.
- ఒకచోట తండ్రిగా, మరోచోట తల్లిగా కనిపించే సంఖ్య.
- గుండ్రటి అంకెలు. పుట్టుక బరువుల్లో 30, 35, 40 లాంటివి గుట్టలుగా ఉంటే అవి తూచినవి కావు, కంటిచూపుతో వేసినవి. అలాంటి మందను పుట్టుక బరువు లెక్క నుంచి పూర్తిగా తీసేయడమే నయం.
- కవలలు, పిండమార్పిడి దూడలు. కవలలను తీసేయండి. పిండమార్పిడి దూడకు జన్యువులిచ్చిన తల్లి వేరు, మోసి పాలిచ్చిన తల్లి వేరు. ఆ తేడాను మోడల్‌లో (బరువు మీద ఏయే ప్రభావాలున్నాయో ప్రోగ్రాంకు చెప్పే సమీకరణంలో) చెప్పడం రాకపోతే ఆ దూడల బరువులు వాడకండి, వంశావళిలో మాత్రం ఉంచండి.

ఖాళీ గడుల విషయంలో జాగ్రత్త. బ్లప్‌ఎఫ్90 మామూలుగా 0ను "బరువు తెలియదు" అని చదువుకుంటుంది. మీరు లేని బరువులకు మైనస్ 999 పెట్టి ఆ సంగతి ప్రోగ్రాంకు చెప్పకపోతే, మైనస్ 999 కిలోల దూడలు మీ మందలో తిరుగుతుంటాయి. రన్ చేసే ముందు ప్రతి లక్షణానికీ కనిష్ఠం, గరిష్ఠం, సగటు అచ్చు వేసి చూడండి. ఐదు నిమిషాల పని.

సగటుకు చాలా దూరంగా ఉన్న బరువులను తీసేసేటప్పుడు మొత్తం డేటా సగటుతో పోల్చకండి, ఆ దూడ సొంత గుంపు సగటుతో పోల్చండి (గుంపుల సంగతి ఐదో మెట్టులో). మూడు స్టాండర్డ్ డీవియేషన్లు (వేరియన్స్‌కు వర్గమూలం) దాటినవాటిని వెంటనే చెరిపేయకుండా ఒకసారి అసలు రిజిస్టర్ తీసి చూడండి. తరచుగా 182ను 282గా ఎక్కించి ఉంటారు.

3. వంశావళి సరిచూడండి

తండ్రి పేరు తప్పు పడితే ఏం నష్టం అంటారా? నూటికి పది దూడలకు తప్పు తండ్రి రాసి ఉందనుకోండి. ఒకే తండ్రి పిల్లలనుకున్న ఏ రెండు దూడలను తీసుకున్నా, రెంటికీ తండ్రి సరైనవాడయ్యే అవకాశం 0.9ను 0.9తో గుణిస్తే 0.81. అంటే తండ్రుల మధ్య వేరియన్స్ దాదాపు 19 శాతం తగ్గి కనిపిస్తుంది. పచ్చికలో ఒకే చోట రెండు మూడు ఆబోతులను వదిలే మందల్లో ఇది మామూలే. డీఎన్‌ఏ పరీక్ష చేయించే వీలుంటే చేయించండి. లేకపోతే తండ్రి తెలియదని రాయండి. ఊహించి రాసిన తండ్రి కన్నా ఖాళీ గడి మేలు.

4. వయసును ఒకసారే సరిచేయండి

అన్ని దూడలనూ ఒకే రోజు తూస్తారు కానీ అవన్నీ ఒకే రోజు పుట్టవు. సరిచేయడానికి రెండు దారులున్నాయి.

మొదటి దారి సూత్రం. పాలు మాన్పించే బరువులోంచి పుట్టుక బరువు తీసేసి, వయసు రోజులతో భాగించి, 205తో గుణించి, మళ్లీ పుట్టుక బరువు కలపాలి. పుట్టినప్పుడు 32 కిలోలు, 190 రోజులకు 203 కిలోలు ఉన్న దూడను తీసుకోండి. రోజుకు 0.9 కిలో పెరిగింది. 205 రోజులకు 184.5, దానికి 32 కలిపితే 216.5 కిలోలు. ఏడాది బరువుకు: అదే దూడ మరో 170 రోజులకు 339 కిలోలు తూగితే, ఆ మధ్య రోజుకు 0.8 కిలో చొప్పున పెరిగినట్టు. 365లోంచి 205 తీస్తే 160 రోజులు, వాటికి 128 కిలోలు. 216.5కు కలిపితే 344.5. పాలు మాన్పించే తూకం 160 నుంచి 250 రోజుల మధ్య, ఏడాది తూకం 320 నుంచి 410 రోజుల మధ్య వేసినవే ఈ సూత్రానికి పనికొస్తాయి. అంతకు బయట ఉన్నవాటిని బలవంతంగా లాగకండి.

రెండో దారి: బరువును తూచినట్టే ఉంచి, వయసును మోడల్‌లో కోవేరియేట్‌గా, అంటే బరువుతో పాటు మారే ఒక అంకెగా, పెట్టడం. జన్యు వైవిధ్యం లెక్కగట్టేటప్పుడు నా ఓటు దీనికే. సూత్రం వాడితే చిన్న దూడల బరువులు సాగుతాయి, పెద్ద దూడలవి కుదించుకుపోతాయి, దానితో వేరియన్స్ కూడా కదులుతుంది.

తల్లి వయసు సంగతీ ఇంతే. రెండేళ్ల తల్లి దూడ పెద్ద ఆవు దూడ కన్నా తేలికగా ఉంటుంది. అమెరికా పట్టికలో రెండేళ్ల తల్లికి పుట్టిన కోడె దూడకు 60 పౌండ్లు, అంటే సుమారు 27 కిలోలు కలుపుతారు. మీ మందకు ఆ అంకె సరిపోవాలని ఏమీ లేదు. తల్లి వయసును తరగతులుగా మోడల్‌లోనే పెట్టండి: 2, 3, 4, 5 నుంచి 10, 11 దాటినవి.

ఇక్కడ తరచుగా జరిగే తప్పు ఒకటుంది. పట్టికతో సరిచేసిన బరువును తీసుకొని, మోడల్‌లో మళ్లీ తల్లి వయసునూ దూడ వయసునూ పెడతారు. ఒకే పన్ను రెండుసార్లు కట్టినట్టు. ఏదో ఒకటే చేయండి.

5. తోటి గుంపులు కట్టండి

ఒకే మందలో, ఒకే ఏడాది, ఒకే కాలంలో పుట్టి, ఒకే మేత తిని, ఒకే రోజు తూకం వేయించుకున్న దూడలను ఒక తోటి గుంపు అనుకుందాం. ఒక దూడను పోల్చాల్సింది దాని గుంపులోని దూడలతోనే. ఈ గుంపులు తప్పుగా కడితే తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ మిమ్మల్ని కాపాడలేదు.

- విత్తులు కొట్టిన కోడెలు, కొట్టనివి వేరు వేరు గుంపులు. పెయ్యలు మరో గుంపు.
- దాణా అదనంగా పెట్టిన దూడలు, పచ్చిక మీదే పెరిగినవి వేరు.
- ప్రదర్శన కోసం ఎంచి విడిగా మేపిన దూడలు పూర్తిగా వేరు. ఇవి తరచుగా ఒకే పేరున్న ఆబోతు పిల్లలై ఉంటాయి. వాటిని అందరితో కలిపితే మేత మహిమంతా ఆ ఆబోతు ఖాతాలో పడుతుంది.
- ఒక్క దూడే ఉన్న గుంపు ఏమీ చెప్పదు. గుంపులో అన్నీ ఒకే తండ్రి పిల్లలైతే, తండ్రుల మధ్య తేడా గురించి అదీ ఏమీ చెప్పదు. నేనైతే ఐదు దూడల కన్నా తక్కువున్న గుంపులను తీసేస్తాను. అది నియమం కాదు, అలవాటు.

మరీ సన్నగా చీలిస్తే గుంపులు చిన్నవైపోతాయి, మరీ పెద్దవిగా ఉంచితే మేత తేడాలు జన్యువుల్లా వేషం వేస్తాయి. మధ్యలో ఎక్కడ ఆగాలో ఆ మందను మేపినవాళ్లను అడిగితేనే తెలుస్తుంది. ఫోన్ చేసి అడగండి. "ఆ ఏడాది కొండ పక్క పొలంలో ఉన్నవాటికి నీళ్లు చాలలేదు" లాంటి మాట ఏ రిజిస్టర్‌లోనూ ఉండదు.

ఇంకొకటి, గుంపుల మధ్య లింకులు. ప్రతి మందకూ దాని సొంత ఆబోతే ఉండి, ఏ ఆబోతూ రెండో మందలోకి వెళ్లకపోతే, మంద ప్రభావాన్నీ ఆబోతు ప్రభావాన్నీ విడదీయలేం. కృత్రిమ గర్భధారణలో వాడిన ఆబోతులు ఇక్కడ వంతెనలవుతాయి. ఆబోతులు వరుసల్లో, గుంపులు నిలువుల్లో పెట్టి ఒక పట్టిక వేయండి. ఒక్కో వరుసలో ఒక్క గడే నిండి ఉంటే ఆగి ఆలోచించాల్సిందే.

6. ముందు చేత్తో ఒక లెక్క వేయండి

పెద్ద మోడల్‌కు పోకముందు ఒకే తండ్రి పిల్లల పద్ధతిలో చిన్న లెక్క చేయండి. ఇది తర్వాత గీటురాయిలా పనికొస్తుంది.

గుంపు, వయసు, తల్లి వయసు ప్రభావాలు తీసేశాక మిగిలిన బరువుల మీద, ఆబోతుల మధ్య సగటు వర్గం (మీన్ స్క్వేర్), ఒకే ఆబోతు పిల్లల లోపల సగటు వర్గం తీయండి. 20 ఆబోతులు, ఒక్కోదానికి 15 దూడలు, మొత్తం 300 అనుకుందాం. ఆబోతుల మధ్య 950, లోపల 500 వచ్చాయి. తేడా 450. దాన్ని 15తో భాగిస్తే 30. ఇదీ ఆబోతుల వేరియన్స్. తండ్రి నుంచి దూడకు సగం జన్యువులే వస్తాయి కాబట్టి ఇది మొత్తం జన్యు వేరియన్స్‌లో నాలుగో వంతే. అంటే జన్యు వేరియన్స్ 120, మొత్తం వేరియన్స్ 530, హెరిటబిలిటీ 0.23.

ఇప్పుడు స్టాండర్డ్ ఎర్రర్. చేతి లెక్కకు ఒక తేలిక సూత్రం ఉంది: 32ను హెరిటబిలిటీతో గుణించి, మొత్తం దూడల సంఖ్యతో భాగించి, వర్గమూలం తీయాలి. పై అంకెలకు అది దాదాపు 0.16. అంటే 300 దూడలు తూచి, రెండేళ్లు తిరిగి, మీరు చెప్పగలిగేది "0.23, కాకపోతే 0.16 అటూ ఇటూ" అని. నిజం 0 దగ్గరా ఉండొచ్చు, 0.5 దగ్గరా ఉండొచ్చు.

స్టాండర్డ్ ఎర్రర్ 0.08కి దిగాలంటే, హెరిటబిలిటీ 0.25 అనుకుంటే, సుమారు 1,250 దూడలు కావాలి. ఆబోతుకు ఎన్ని పిల్లలుంటే మంచిదంటే, 4ను హెరిటబిలిటీతో భాగించండి: 0.25కు 16. అంతకు మించి ఒకే ఆబోతు పిల్లలను పోగేసే కన్నా కొత్త ఆబోతులను చేర్చడం లాభం. ఐదు ఆబోతులకు ఒక్కోదానికి 200 దూడలున్నా, మీ దగ్గర ఉన్నది ఐదు ఆబోతుల సమాచారమే.

7. యానిమల్ మోడల్ కట్టండి

ఇప్పుడు వంశావళి మొత్తాన్నీ వాడుకునే మోడల్, దీన్నే యానిమల్ మోడల్ అంటారు. అంచనాలు రెమల్ (వేరియన్స్‌లను అంచనా కట్టే ఒక గణాంక పద్ధతి) పద్ధతిలో వస్తాయి. ప్యాటర్సన్, థాంప్సన్ 1971లో చూపిన పద్ధతి ఇది, పైన చెప్పిన సాఫ్ట్‌వేర్లన్నీ దాన్నే వేర్వేరు దారుల్లో నడుపుతాయి. మెట్టు మెట్టుగా కట్టండి, ఒకేసారి అన్నీ పెట్టకండి:

క) స్థిర ప్రభావాలు: తోటి గుంపు, తల్లి వయసు తరగతి, దూడ వయసు. సంకర దూడలుంటే ఏ జాతి వాటా ఎంతో, సంకర బలం (జాతులు కలిసినందుకు వచ్చే అదనపు మేలు) ఎంతో కూడా. వీటితో పాటు దూడ సొంత జన్యు ప్రభావం.

ఖ) పై దానికి తల్లి శాశ్వత పరిసర ప్రభావం. ఒక ఆవుకు పొదుగు దెబ్బతిని ఉంటే దాని దూడలన్నీ తగ్గుతాయి. అది జన్యువు కాదు, అయినా ప్రతి ఈతలోనూ కనిపిస్తుంది.

గ) దానికి తల్లి జన్యు ప్రభావం. పాలివ్వడానికీ సాకడానికీ కావాల్సిన జన్యువులివి.

ఘ) చివరిగా, దూడ సొంత జన్యువులకూ తల్లి జన్యువులకూ మధ్య కోవేరియన్స్, అంటే ఆ రెండు ప్రభావాలూ ఒకే వైపు కదులుతాయా, ఎదురెదురుగానా అని చెప్పే అంకె.

పుట్టుక బరువుకూ, పాలు మాన్పించే బరువుకూ తల్లి ప్రభావం పెట్టకుండా వదిలేయడమే నేను చూసే అన్ని తప్పుల్లోకీ పెద్ద తప్పు. మొదట్లో చెప్పిన 0.68 అక్కడి నుంచే వస్తుంది. అంకెలతో చూపిస్తాను. ఘ మోడల్ ఇలా జవాబిచ్చిందనుకోండి: దూడ జన్యు వేరియన్స్ 130, తల్లి జన్యు వేరియన్స్ 80, రెంటి మధ్య కోవేరియన్స్ మైనస్ 40, తల్లి శాశ్వత ప్రభావం 60, మిగులు (మోడల్‌లో దేనికీ అందని తేడా) 300. అన్నీ కలిపితే 530.

దూడ హెరిటబిలిటీ 130 బై 530, అంటే 0.25. తల్లి వైపుది 0.15. రెంటి మధ్య జన్యు సహసంబంధం మైనస్ 0.39. ఇంతవరకు బాగుంది. ఇదే మందలో ఎవరో తల్లి ప్రభావం సంగతే తలవకుండా, ఒకే తల్లికి వేర్వేరు ఆబోతుల వల్ల పుట్టిన దూడల పోలికను తీసుకొని నాలుగుతో గుణించారనుకోండి. ఆ పోలికలో ఏమేం ఉంటాయి? దూడ జన్యు వేరియన్స్‌లో నాలుగో వంతు 32.5, మైనస్ 40, తల్లి జన్యువుల 80, శాశ్వత ప్రభావం 60. మొత్తం 132.5. నాలుగుతో గుణిస్తే 530. హెరిటబిలిటీ సరిగ్గా 1.0! మేతకూ ఎండకూ రోగానికీ ఏ పాత్రా లేదన్నమాట.

తండ్రి వైపు లెక్కకు ఈ బెడద లేదు, ఆబోతు పాలివ్వదు కదా. అందుకే ఆరో మెట్టులోని చేతి లెక్కను దాచుకోమన్నాను. అక్కడ జన్యు వేరియన్స్ 120, ఇక్కడ 130. దగ్గరగా ఉన్నాయి. చేతి లెక్కలో 120 వచ్చి యానిమల్ మోడల్‌లో 350 వస్తే, తల్లి ప్రభావం ఎక్కడో దూడ ఖాతాలోకి కారుతోంది.

ఏడాది బరువుకు తల్లి ప్రభావం తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు. పెట్టి చూడండి, 0 దగ్గరకు పోతే తీసేయండి.

ఒక ప్రత్యామ్నాయం. పాలు మాన్పించాక బక్క దూడలను అమ్మేసి, బాగున్నవాటినే ఏడాది దాకా ఉంచితే, ఏడాది బరువు ఒక్కదానితో చేసిన లెక్క తప్పుదారి పడుతుంది. ఎంపికైన దూడల మధ్య తేడా సహజంగానే తక్కువ. అప్పుడు రెండు బరువులనూ కలిపి రెండు లక్షణాల మోడల్ నడపండి. అమ్మేసిన దూడల పాలు మాన్పించే బరువులు కూడా అందులో ఉండాలి. ఎంపిక దేన్ని చూసి జరిగిందో మోడల్‌కు అప్పుడే తెలుస్తుంది.

8. ఏ మోడల్ నిలబడుతుంది?

రెండు మోడళ్ల మైనస్ 2 లాగ్ లైక్లీహుడ్ (మోడల్ డేటాకు ఎంత సరిపోయిందో చెప్పే అంకె, తక్కువైతే మేలు) తేడా చూడండి. కోవేరియన్స్ లాంటి ఒక్క పారామీటర్ అదనంగా పెట్టినప్పుడు తేడా 3.84 దాటితే అది ఉంచదగ్గదే. అదనంగా పెట్టింది ఒక వేరియన్స్ అయితే, అది 0 కన్నా కిందికి పోలేదు కాబట్టి, హద్దు 2.71. పోల్చే మోడళ్లన్నిటికీ అవే దూడలు, అవే స్థిర ప్రభావాలు ఉండాలి. ఒకదాంట్లో 2,140 దూడలు, ఇంకోదాంట్లో 2,096 ఉంటే ఆ పోలికకు అర్థం లేదు. ఎన్ని రికార్డులు చదివిందో అవుట్‌పుట్ పైభాగంలోనే ఉంటుంది, ఎవరూ చూడరు.

ఘ మోడల్ కొన్ని డేటాలకే పనికొస్తుంది. తల్లి సొంత చిన్ననాటి బరువు, దాని దూడల బరువులు, రెండూ ఉన్న ఆవులు తగినన్ని ఉండాలి. లేకపోతే ఆ కోవేరియన్స్ గాల్లో మేడే. అప్పుడు దాన్ని 0గా ఉంచి, అలా ఎందుకు ఉంచారో రాయండి.

కోవేరియన్స్ మరీ ఎక్కువ నెగటివ్‌గా వస్తే, సహసంబంధం మైనస్ 0.7, 0.8 అలా ఉంటే, కంగారుపడి "దూడ ఎదుగుదలకూ తల్లి పాలకూ వైరం" అని తీర్మానం రాయకండి. ఒక ఆబోతు పిల్లలు కొన్ని మందల్లో, కొన్ని ఏళ్లలో మాత్రమే బాగా పెరిగితే కూడా ఇలాంటి అంకె వస్తుంది. ఆబోతునూ మంద-ఏడాదినీ జతచేసి అదనపు యాదృచ్ఛిక ప్రభావంగా పెట్టి మళ్లీ నడపండి. చాలాసార్లు ఆ వైరం మెత్తబడుతుంది.

9. ఫలితాన్ని పరీక్షించండి

ఈ మెట్టును దాటేయకండి.

మొదట స్థిర ప్రభావాల జవాబులు తీయండి. రెండేళ్ల తల్లుల దూడలు పెద్ద ఆవుల దూడల కన్నా తక్కువ ఉన్నాయా? వయసు ఒక్కో రోజు పెరిగితే పాలు మాన్పించే బరువు సుమారు ఒక కిలో లేదా కొంచెం తక్కువ పెరుగుతోందా? రోజుకు 14 కిలోలని వస్తే మీరు నిలువు వరుసను తప్పు చదివించారు. ఈ ఒక్క పరీక్షతో సగం తప్పులు దొరుకుతాయి.

తర్వాత వేర్వేరు మొదటి విలువలతో మళ్లీ నడపండి. ప్రతిసారీ ఒకే చోటికి రావాలి. ఒక్కోసారి ఒక్కో జవాబు వస్తే లెక్క ఇంకా కుదురుకోలేదు, లేదా డేటా ఆ మోడల్‌ను మోయలేకపోతోంది. రెమల్ బదులు గిబ్స్ పద్ధతి (యాదృచ్ఛికంగా విలువలు మళ్లీ మళ్లీ తీసి అంచనా కట్టేది) వాడేవారు రెండు మూడు గొలుసులు, అంటే అలా తీసిన విలువల వరుసలు, నడిపి గ్రాఫులు పక్కపక్కన పెట్టి చూడండి.

మూడోది నాకు ఇష్టమైన పరీక్ష. ప్రతి తోటి గుంపులోనూ బరువులను ఆ గుంపు దూడల మధ్యే పేకముక్కల్లా కలిపేసి పంచండి, వంశావళిని అలాగే ఉంచండి. ఇప్పుడు జన్యు వేరియన్స్ 0 దగ్గరకు పడిపోవాలి. పడకపోతే గుంపుల మధ్య తేడాలు జన్యువుల్లోకి లీకవుతున్నాయి.

నాలుగోది దీనికి తిరగేసినది. మీ వంశావళి మీదే, మీకు తెలిసిన వేరియన్స్‌లతో కృత్రిమంగా బరువులు పుట్టించి అదే ప్రోగ్రాం నడపండి. మీరు పెట్టిన 0.25 మీకు తిరిగి రావాలి. ఒకసారి నడిపితే కాస్త అటూ ఇటూ వస్తుంది కాబట్టి ఓ ఇరవై సార్లు నడిపి సగటు చూడండి. రాకపోతే లోపం మోడల్ రాసిన తీరులో గానీ, వంశావళి ఆకారంలో గానీ ఉంది.

ఇక ఫలితం ఏ పరిధిలో ఉండాలి? పెద్ద డేటాల్లో సాధారణంగా పుట్టుక బరువు హెరిటబిలిటీ 0.3 నుంచి 0.45, పాలు మాన్పించే బరువుకు దూడ వైపు 0.2 నుంచి 0.3, తల్లి వైపు 0.1 నుంచి 0.2, ఏడాది బరువుకు 0.3 నుంచి 0.4 దగ్గర వస్తుంటాయి. మీది బయట పడితే తప్పని కాదు. కానీ ఎందుకో చెప్పగలగాలి. ఈ పరిధిలోకి వచ్చేదాకా డేటా కత్తిరించడం మాత్రం మోసం.

10. ఎలా రాయాలి

నిష్పత్తి ఒక్కటే రాసి వదిలేయకండి. వేరియన్స్‌లన్నీ, వాటి స్టాండర్డ్ ఎర్రర్లు, దూడలు, ఆబోతులు, తల్లులు, తోటి గుంపులు ఎన్నో రాయండి. హెరిటబిలిటీని రెండు దశాంశాలకు మించి రాయడం అనవసరం. 0.2453 అని రాసి పక్కన స్టాండర్డ్ ఎర్రర్ 0.09 అంటే నవ్వొస్తుంది.

జన్యు స్టాండర్డ్ డీవియేషన్‌ను కిలోల్లో చెప్పండి. మన ఉదాహరణలో 130కి వర్గమూలం సుమారు 11.4 కిలోలు. మంద సగటు 215 కిలోలైతే అందులో అది 5 శాతం పైచిలుకు. రెండు మందల హెరిటబిలిటీ ఒకటే అయినా, ఒకదాని జన్యు తేడా 11 కిలోలు, రెండోదానిది 5 కిలోలు కావొచ్చు. మేత సరిగ్గా నడిపిన మందలో మిగులు వేరియన్స్ తగ్గి హెరిటబిలిటీ పెరుగుతుంది, జన్యువులేమీ మారకుండానే.

తల్లి ప్రభావం ఉన్నచోట మొత్తం హెరిటబిలిటీ కూడా ఇవ్వండి: దూడ జన్యు వేరియన్స్, ఒకటిన్నర రెట్ల కోవేరియన్స్, సగం తల్లి జన్యు వేరియన్స్ కలిపి మొత్తంతో భాగించాలి. 130, మైనస్ 60, 40 కలిపితే 110. 530తో భాగిస్తే 0.21. దూడ బరువు చూసి ఎంపిక చేస్తే వచ్చే ఫలితాన్ని చెప్పేది ఈ అంకె, 0.25 కాదు.

ఇరుక్కుపోతే

*హెరిటబిలిటీ 0కు అంటుకుపోయింది.* ముందు వంశావళి ఫైలూ డేటా ఫైలూ ఒకే గుర్తింపు సంఖ్యలు వాడుతున్నాయో చూడండి. ఒకదాంట్లో చివర ఖాళీ స్పేస్ ఉంటే చాలు, ఏ దూడకూ తండ్రి దొరకడు. ఎన్ని దూడలకు తండ్రి తెలుసో ప్రోగ్రాం చెబుతుంది, ఆ అంకెను మీ పట్టికతో పోల్చండి. అది సరిగ్గా ఉంటే తోటి గుంపుల్లో ఒకే తండ్రి గుంపులు ఎన్నో లెక్కపెట్టండి.

*మరీ ఎక్కువ వచ్చింది.* తల్లి ప్రభావం, విడిగా మేపిన దూడలు, మరీ పెద్ద గుంపులు, ఈ వరుసలో వెతకండి.

*లెక్క ముగియడం లేదు.* మోడల్‌ను ఒక మెట్టు కిందికి దించండి. ఘ నుంచి గకు, గ నుంచి ఖకు. క కూడా ముగియకపోతే సమస్య మోడల్‌ది కాదు, రెండో మెట్టుకు వెళ్లండి.

*స్టాండర్డ్ ఎర్రర్ అంచనా కన్నా పెద్దది.* దీనికి సాఫ్ట్‌వేర్‌లో చికిత్స లేదు. జన్యుమార్కర్ల డేటా ఉంటే వంశావళిలోని ఖాళీలు కొంత పూడతాయి, చుట్టరికాలు ఇంకా కచ్చితంగా తెలుస్తాయి. లేకపోతే వచ్చే సీజన్‌లో మరిన్ని ఆబోతుల పిల్లలను తూకానికి ఎక్కించాల్సిందే. ప్రతిసారీ మేత మాన్పించాక అన్నే గంటలకు, అదే తూకం మీద.